దారి మీద నీరున్నప్పుడు

వర్షాన్ని మన పెద్దలు ‘రహ్మత్’ అన్నారు. ఎండిన నేలకు ప్రాణం పోసే నీటిని కారుణ్యమనడంలో అతిశయోక్తి లేదు. అయితే అదే నీరు వేళ తప్పి, హద్దు మీరి వచ్చినప్పుడు ఎలా మెలగాలన్నది కూడా పిల్లలకు నేర్పవలసిన విద్యే. ఈ విషయంలో నేను ముప్పై సంవత్సరాలపాటు పొరపాటు పాఠం చెప్పాను. దాని ఫలితం అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, నా కుమారుని కారులో బయటపడింది. నేడు డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరాలలో మన తెలుగు ముస్లిం కుటుంబాలు ఎన్నో స్థిరపడి ఉన్నాయి. ఈ పత్రిక చదివే తల్లిదండ్రులలో కొందరికైనా అక్కడ కొడుకో కూతురో ఉండవచ్చు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఆ శుక్రవారం

2025 జూలై 4వ తేదీ శుక్రవారం. జుమా నమాజు ముగించుకొని నేను భోజనానికి కూర్చున్న వేళకు టెక్సాస్‌లో ఇంకా తెల్లవారలేదు. అక్కడ తెల్లవారుజామున నాలుగు గంటలు. అమెరికా స్వాతంత్ర్య దినోత్సవపు సెలవులు కావడంతో గ్వాడలూప్ నది ఒడ్డున ఉన్న విడిది గృహాలు, శిబిరాలు కుటుంబాలతో, పిల్లలతో నిండి ఉన్నాయి. అందరూ గాఢనిద్రలో ఉండగా నది లేచింది. నలభై ఐదు నిమిషాలలో సుమారు 26 అడుగులు పెరిగిందని అధికారులు ప్రకటించారు. అంటే ఒక గంటలోపే రెండంతస్తుల ఇంటి ఎత్తు. ఆ రాష్ట్రంలో ఆ వరదకు బలైన వారి సంఖ్య 130 దాటింది. వారిలో అత్యధికులు కర్ కౌంటీ అనే ఒక్క ప్రాంతంలోనే మరణించారు. అక్కడి ‘క్యాంప్ మిస్టిక్’ అనే బాలికల వేసవి శిబిరంలోనే 27 మంది బాలికలు, యువ సహాయకులు ప్రాణాలు కోల్పోయారు.

వార్త చూసిన వెంటనే ఆస్టిన్ సమీపంలో నివసించే మా అబ్బాయికి ఫోన్ చేశాను. “మేము క్షేమమే అబ్బాజాన్, మా ఇల్లు ఆ నదికి దూరం” అన్నాడు. నేను అల్హందులిల్లాహ్ అన్నాను. అటునుంచి కొంతసేపు మాట లేదు. పిదప, “మీకు ఒక సంగతి చెప్పకుండా దాచాను” అన్నాడు.

అంతకు ముందు ఏడాది మే నెలలో, ఒక రాత్రి ఇషా తరువాత, మిత్రుని ఇంటి నుండి భార్యతో, రెండేళ్ళ పాపతో తిరిగి వస్తున్నాడట. దారిలో ఒక చిన్న వాగు, దానిపై లోతట్టు కాజ్‌వే. రోడ్డు మీద నీరు పారుతున్నది. చీకటిలో అరడుగు లోతే అనిపించిందట. నేరుగా వెళితే ఇల్లు 12 నిమిషాలు, చుట్టు తిరిగితే 40 నిమిషాలు. కోడలు వద్దన్నది. వాడు, “మా అబ్బాజాన్ నడుములోతు వాగు దాటి జుమాకు వెళ్ళిన మనిషి” అని కారు ముందుకు నడిపాడట. సగం దూరం వెళ్ళేసరికి ముందు చక్రాలు నేల విడిచాయి. ఇంజను ఆగింది. కారు పక్కకు తిరిగి, అంచున ఉన్న స్తంభాలకు ఆనుకొని నిలిచిపోయింది. అగ్నిమాపక సిబ్బంది తాడు సహాయంతో ముగ్గురినీ బయటికి తీసేవరకు అరగంట పట్టింది. అంతసేపూ పాప ఏడుస్తూనే ఉన్నదట.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. వాడు చెప్పిన కథ నాదే. కాని అది సగం కథ.

అక్కడి ఆకాశం ఎందుకు వేరు?

నా కథకు ముందు ఆ నేల స్వభావం తెలుసుకోవడం అవసరం. టెక్సాస్, ఓక్లహోమా రాష్ట్రాలున్న ప్రాంతాన్ని దక్షిణ మహా మైదానాలు అంటారు. దానికి ఆగ్నేయాన మెక్సికో సింధుశాఖ ఉంది. వేసవిలో ఆ వెచ్చని సముద్రం నుండి తేమగాలి అడ్డూ ఆపూ లేకుండా లోతట్టుకు ప్రవేశిస్తుంది. పడమటి నుండి ఎడారి ప్రాంతపు పొడిగాలి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ రెండింటి కలయిక రేఖ వెంబడి క్యుములోనింబస్ మేఘాలు పది, పన్నెండు కిలోమీటర్లకు మించిన ఎత్తుకు లేస్తాయి. వడగండ్లు, సుడిగాలులు, పిడుగులు వాటి వెంట వస్తాయి.

మన తెలుగు నేలపై వేసవి గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రం వేళల్లో కురిసి చల్లబడతాయి. ఆ మైదానాలలో మాత్రం పెద్ద వానలు చాలాసార్లు రాత్రివేళ బలపడతాయి. సూర్యాస్తమయం తరువాత భూమికి కొన్ని వందల మీటర్ల ఎత్తున దక్షిణపు గాలి వేగం పుంజుకొని, సముద్రపు తేమను తెల్లవార్లూ మేఘాలకు అందిస్తూ ఉంటుంది. అందుచేత మనుషులు నిద్రించే వేళలోనే వాన ఉద్ధృతమవుతుంది.

జూన్, జూలై నెలలు వచ్చేసరికి మరొక మార్పు. పైపొరల గాలులు నెమ్మదిస్తాయి. మేఘాలను ముందుకు నెట్టే శక్తి తగ్గడంతో అవి ఒకేచోట తిష్ఠ వేస్తాయి. కొన్నిసార్లు రైలు పెట్టెల వలె ఒకదాని వెనుక ఒకటి అదే ఊరి మీదుగా సాగుతాయి. ఒక మేఘం కురిసి వెళ్ళగానే మరొకటి వచ్చి అక్కడే కురుస్తుంది. 2025 జూన్ చివరలో ‘బారీ’ అనే తుపాను మెక్సికోలో తీరం దాటి బలహీనపడగా, దాని మిగులు తేమ టెక్సాస్ కొండల మీదికి చేరింది. తుపాను పేరు వినబడనంత మాత్రాన దాని నీరు మాయం కాదు.

ఈ నేలపై కురిసిన వానల లెక్కలు ఆశ్చర్యం గొలుపుతాయి. 1935 మే 31న టెక్సాస్‌లోని డి హానిస్ వద్ద 2 గంటల 45 నిమిషాలలో 22 అంగుళాల వాన పడినట్లు నమోదైనది. ఎకరం నేలపై ఒక్క అంగుళం వాన అంటేనే లక్ష లీటర్లకు పైగా నీరు. ఆ లెక్కన మూడు గంటలలోపు ఎకరానికి ఇరవై రెండు లక్షల లీటర్లు.

నేల కూడా సహకరించదు

ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాలకు పడమరన సున్నపురాతి కొండలున్నాయి. వాటి మీద మట్టి పొర పలుచన. కింద గట్టి రాయి. పడిన నీరు ఇంకదు, నిలవదు. ఏటవాలు వెంట జారి ఇరుకైన లోయలలోని వాగులలోకి దూకుతుంది. అందుకే ఆ ప్రాంతాన్ని అక్కడివారు ఆకస్మిక వరదల సందు అని పిలుస్తారు. నిన్నటి వరకు పిల్లలు రాళ్ళ మీద ఆడుకున్న వాగు ఈ రాత్రి చెట్లను పెకలించవచ్చు. 2015 మే నెలలో వింబర్లీ అనే ఊరి వద్ద బ్లాంకో నది కొద్ది గంటలలోనే ముప్పై అడుగులకు పైగా పెరిగి ఇళ్ళను పునాదుల మీది నుండి ఎత్తుకుపోయింది. కరువు ఉంటే వరద రాదనుకోవడం కూడా భ్రమే. 2025లో ఆ కొండలు వరదకు ముందు తీవ్రమైన కరువులో ఉన్నవే. ఎండి బిగిసిన నేల మొదటి వానను చాలావరకు పైనుంచే పంపించి వేస్తుంది.

నగరాలలో కొండలు లేకపోయినా సిమెంటు ఉంది. హ్యూస్టన్, డల్లాస్ వంటి నగరాలలో ఇళ్ళ వెనుక సన్నగా కనిపించే కాలువలే కాలనీల వాననీరంతా మోయాలి. అండర్‌పాస్‌లు ముందుగా నిండుతాయి. రాత్రివేళ వీధిదీపాల వెలుగులో నిండిన అండర్‌పాస్‌కూ తడిసిన రోడ్డుకూ తేడా కనబడదు.

అరడుగు నీటి బలం

మనిషి మోసపోయేది లోతు దగ్గర కాదు, వేగం దగ్గర. నిలిచిన నీటిలో మోకాలి లోతు మనకు లెక్క కాదు. పారే నీరు అలా కాదు. నీటి వేగం రెట్టింపయితే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. అరడుగు లోతున వేగంగా పారే నీరు పెద్దమనిషి కాళ్ళను తీసివేయగలదు. ఒక అడుగు నీరు చిన్న కార్లను కదిలించగలదు. రెండడుగుల నీరు పెద్ద వాహనాలను సైతం మోసుకుపోగలదు. కారు బరువు ఎంత ఉన్నా అది గాలి నిండిన పెట్టె. నీరు దానిని కిందినుంచి ఎత్తగానే చక్రాలకు పట్టు పోతుంది. ఆ క్షణం నుండి స్టీరింగ్ మన చేతిలో ఉన్నా దారి మన చేతిలో ఉండదు. పైగా నీటి అడుగున రోడ్డు ఉన్నదో, కోసుకుపోయిందో చీకటిలో ఎవరికి తెలుసు?

అమెరికాలో వరదలకు మునిగి మరణించేవారిలో సగానికి పైగా వాహనంలో నీటిలోకి వెళ్ళినవారే అని అక్కడి వాతావరణ శాఖ చెబుతుంది. వెనక్కి తిరగండి, మునిగిపోకండి అనే అర్థం వచ్చే బోర్డులు అక్కడి కాజ్‌వేల దగ్గర కనిపిస్తాయి. ఆ రాత్రి మా అబ్బాయి అటువంటి బోర్డు దాటుకొనే వెళ్ళాడు.

హెచ్చరిక వినడం ఒక విద్య

అక్కడి వాతావరణ శాఖ మూడు మెట్లలో హెచ్చరిస్తుంది. మొదటిది ‘వాచ్’. వరదకు అనువైన పరిస్థితులున్నాయి, సిద్ధంగా ఉండండి అని దాని భావం. రెండవది ‘వార్నింగ్’. వరద వచ్చింది లేదా రాబోతున్నది, వెంటనే కదలండి అని. మూడవది ‘ఎమర్జెన్సీ’. ప్రాణాలకు తీవ్రమైన ముప్పు ఎదురుగా ఉన్నదని. 2025లో ఆ కొండ ప్రాంతానికి జూలై 3 మధ్యాహ్నమే వాచ్ వెలువడింది. అర్ధరాత్రి దాటాక 1 గంట 14 నిమిషాలకు వార్నింగ్ వచ్చింది. 4 గంటల 3 నిమిషాలకు ఎమర్జెన్సీ ప్రకటించారు. కాని నిద్రలో ఉన్నవారిని లేపే సైరన్లు కర్ కౌంటీలో ఆ నది వెంట లేవు. లోయలలో ఫోన్ సిగ్నల్ బలహీనం. హెచ్చరిక వెలువడటం వేరు, చెవికి చేరటం వేరు, చేరిన తరువాత మనిషి లేవటం వేరు. ఈ మూడింటి మధ్య ఉన్న ఖాళీలోనే ప్రాణాలు పోయాయి.

వేసవి శిబిరాల గదులను వరద ముంచే చోట్ల ఉంచరాదంటూ టెక్సాస్ రాష్ట్రం అదే సంవత్సరం సెప్టెంబరులో చట్టం చేసింది. దుఃఖం నుండి నేర్చుకున్న నగరాలు మునుపూ ఉన్నాయి. ఓక్లహోమాలోని టల్సా నగరంలో 1984 మే నెలలో ఒక రాత్రి కురిసిన వానకు 14 మంది మరణించారు. ఆ తరువాత ఆ నగరం తరచూ మునిగే వందలాది ఇళ్ళను కొని తొలగించింది. ఆ స్థలాలను ఉద్యానవనాలుగా, నీరు నిలిచే చెరువులుగా మార్చింది. మన హైదరాబాదు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని బలిగొన్నది. అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బ్రతికారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ విపత్తు తరువాతనే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వెలిశాయి.

ధర్మం ఏమంటుంది?

కొందరు యువకులు, “మస్జిదుకు వెళుతుంటే అల్లాహ్ కాపాడడా?” అని అడుగుతారు. ఈ ప్రశ్నకు సమాధానం మన గ్రంథాలలో స్పష్టంగా ఉంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక వానరోజు, అదీ శుక్రవారం నాడు, అజాన్ పలికేవారితో నమాజుకు రండి అనే పిలుపుకు బదులు ఇళ్ళలోనే నమాజు చేసుకోండని ప్రకటించమన్నారు. ప్రజలు విస్తుపోయారు. తనకంటే ఎంతో ఉత్తములైన వారు, అంటే దైవప్రవక్త (సఅసం), ఇలాగే చేశారని ఆయన వారికి వివరించారు. బురదలో జారకుండా ఉండేందుకే ఇంత వెసులుబాటు ఉండగా, ప్రవాహంలోకి కారు నడపడాన్ని ధర్మనిష్ఠ అని ఎలా అనగలం? ఒంటెను కట్టివేసి ఆ పిదప అల్లాహ్ పై భారం వేయమన్న ప్రవక్త బోధ మనకందరికీ తెలిసినదే. తవక్కుల్ అంటే తాడు వదిలివేయడం కాదు.

దైవప్రవక్త (సఅసం) జుమా ప్రసంగంలో ఉండగా ఒక పల్లెవాసి వచ్చి వానకోసం దుఆ చేయమని కోరిన సంఘటన కూడా తలచుకోదగినది. వారం రోజులు వాన ఆగలేదు. మరుసటి శుక్రవారం మళ్ళీ నష్టం గురించి మొర వినబడింది. అప్పుడు ఆయన వాన మా మీద కాక చుట్టూ కొండల మీద, లోయలలో, చెట్ల మొదళ్ళలో కురవాలని వేడుకున్నారు. వానను కోరడమూ, దాని హాని నుండి రక్షణ కోరడమూ రెండూ దాసుని మర్యాదలే.

ఇంట్లో అందరూ తెలుసుకోవలసినవి

అక్కడ ఉంటున్న పిల్లలు ఫోనులోని అత్యవసర అలర్ట్‌లను ఎన్నడూ ఆపివేయకూడదు. రాత్రి మోగి నిద్ర చెడగొడుతున్నదని ఆపినవారు ఎందరో ఉన్నారు. నదీతీరపు విడిదిలో బస చేసినప్పుడు సిగ్నల్ లేకపోతే వాతావరణ శాఖ ప్రసారాలు వినిపించే చిన్న రేడియో వెంట ఉంచుకోవాలి. పడుకునే ముందే ఎత్తైన చోటికి వెళ్ళే కాలిబాట చూసుకోవాలి.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, కొనేటప్పుడు ఆ స్థలం వరద పటంలో ఎక్కడున్నదో చూడాలి. అక్కడి సాధారణ గృహ బీమా వరద నష్టాన్ని భరించదు. వరద బీమా వేరుగా తీసుకోవాలి. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా తీసుకున్న 30 రోజుల తరువాతే అమలులోకి వస్తుంది. మేఘం కమ్మిన తరువాత కొందామంటే కుదరదు.

రోడ్డుపై నీరు కనిపిస్తే లోతు ఎంతైనా సరే, ముందు వాహనం దాటినా సరే, వెనక్కి తిరగాలి. ఒకవేళ చిక్కుకొని నీరు కారులోకి ఎక్కుతుంటే తలుపుతో పెనుగులాడకుండా వెంటనే సీటుబెల్టు తీసి, అద్దం దింపి, పిల్లలను ముందు బయటికి పంపి పైకప్పు మీదికి చేరాలి. ఉరుము వినబడితే పిడుగు మనలను చేరగలదని అర్థం. చెట్టుకింద నిలబడరాదు. పక్కా ఇంట్లోనో, అద్దాలు మూసిన కారులోనో ఉండి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రావాలి.

ఇక్కడున్న మన బాధ్యత కూడా ఉంది. పిల్లలు కారు నడిపే వేళ ఫోన్ చేసి మాట్లాడించవద్దు. దావతుకు రాలేదని, ఆలస్యమైందని నిందించవద్దు. “వాన ఎక్కువగా ఉంది, ఈ రాత్రి ఇక్కడే ఆగిపోయాము” అని వారు చెప్పినప్పుడు మెచ్చుకోండి. భర్తను ఆపిన కోడలి మాటకు విలువ ఇవ్వండి. ఆ రాత్రి కారులో నిజం చెప్పింది మా కోడలే.

చెప్పని సగం

ఇక నా కథ. ముప్పై ఏళ్ళ క్రితం ఖమ్మం జిల్లాలో ఒక పల్లెలో జుమా ప్రసంగం చేయడానికి సైకిలు మీద బయలుదేరాను. వాగు పొంగి ఉంది. సైకిలు భుజాన వేసుకొని, నడుములోతు నీటిలో దాటి, తడిసిన బట్టలతో మింబరు ఎక్కాను. ఈ కథను తరగతిలో, ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. విన్నవారు సుబ్హానల్లాహ్ అనేవారు.

నేను చెప్పనిది ఏమిటంటే, వాగు మధ్యలో నా కాలు జారింది. సైకిలు కొట్టుకుపోయింది. నేను తుంగపొదను పట్టుకొని కేకలు వేశాను. ఒడ్డున ఎడ్లు మేపుతున్న ఒక రైతు తన పలుపుతాడు విసిరి నన్ను లాగాడు. “పంతులుగారూ, ప్రాణం పోతే ఎవరికి చెబుతారు మీ ప్రసంగం?” అని కోపపడ్డాడు. నేను సిగ్గుపడి ఆ మనిషిని నా కథలో నుండి తొలగించాను. నా గొప్ప నిలిచింది, పాఠం పోయింది.

ఫోన్‌లో మా అబ్బాయికి ఆ రోజే మొత్తం చెప్పాను. వాడు చాలాసేపటికి, “ఆ రైతు సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది అబ్బాజాన్” అన్నాడు. నిజమే. క్షమించమని అడిగాను.

ఈ ఏడాది మా మదరసాలో వానాకాలం మొదటి రోజున పిల్లలను కూర్చోబెట్టి వాగు కథ మళ్ళీ చెప్పాను. ఈసారి అందులో రైతు ఉన్నాడు, తాడు ఉంది, పోయిన సైకిలు ఉంది. ఒక చిన్నవాడు లేచి, “అయితే ఉస్తాద్, ఆ రోజు మీరు ఏం చేయవలసింది?” అని అడిగాడు. “ఒడ్డునే జుహర్ చేసుకొని, ఇంటికి తిరిగి రావలసింది” అన్నాను.